రాసినవారు

కృపాదానం కుడిచేయి పడిపోయేనాటికి ఆయన పుస్తకం ఆరో నోటుబుక్కులో ఉంది. హౌరా పక్కన లిలువా రైల్వే వర్క్‌షాప్‌లో ముప్పై తొమ్మిదేళ్ళు ఫిట్టరుగా చేసి, రిటైరయ్యాక అక్కడి తెలుగువాళ్ళ సంగతులు రాయడం మొదలుపెట్టాడు. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారు, ఎవరు ఏ షాపులో, అంటే ఏ విభాగంలో, పనిచేశారు, తెలుగు చర్చికి ఇటుకలు ఎవరు మోశారు, అన్నీ. కలకత్తా న్యూ టౌన్‌లో ఉన్న తెలుగు సంఘం వాళ్ళు అచ్చు వేస్తామన్నారు. ఇంతలో పక్షవాతం వచ్చింది. పదహారు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చాడు. మాట తిరిగొచ్చింది, చేయి రాలేదు.

ఎడంచేత్తో రాద్దామని చూశాడు. తన పేరు రాయడానికే పావుగంట పట్టింది. అది కూడా ఎవరూ చదవగలిగేలా లేదు.

"మీరు సెప్పండి, నాను రాస్తాను," అంది భార్య విజయ కుమారి.

ఆమె టెక్కలి దగ్గర మిషన్ బడిలో ఎనిమిదో తరగతి వరకూ చదివింది. పెళ్ళయి లిలువా వచ్చాక ఆమె తెలుగులో రాసినవల్లా ఊరికి ఉత్తరాలు, సరుకుల చీటీలు. అయినా గుండ్రటి రాత పోలేదు. రోజూ పొద్దున్న టీ అయ్యాక బల్లకు ఆ వైపు ఆయన, ఈ వైపు ఈమె కూర్చునేవారు. ఆయన చెప్పేవాడు, ఈమె రాసేది. మరునాడు ముందురోజు రాసింది చదివి వినిపించి, తరవాత ముందుకు వెళ్ళేది.

అలా డెబ్భై నాలుగు రైల్వే సమ్మె దగ్గరికి వచ్చారు.

"ఇరవై రోజులూ మేమందరం నిలబడ్డాం," అని చెప్పాడు కృపాదానం.

విజయ కుమారి కలం ఆగింది. "అందరా?"

"అందరమే. రాయి."

రాసింది. మధ్యాహ్నం ఆయన పడుకున్నాక నోటుబుక్కు మళ్ళీ తెరిచింది. తరవాతి పేజీలో తనంతట తను పేజీన్నర రాసింది. ఎక్కడా కొట్టివేత లేదు.

మర్నాడు ఎప్పటిలాగే చదివి వినిపించింది. ఇరవై రోజులూ అందరం నిలబడ్డాం అన్న వాక్యం దాటి, గొంతు మార్చకుండా చదువుకుంటూ పోయింది. పన్నెండో రోజు పొద్దున్న కృపాదానం పనిలోకి వెళ్ళిపోయాడని, అప్పుడు తనకు ఆరో నెల, జూలియా కడుపులో ఉందని, టిఫిన్ డబ్బా కట్టిచ్చింది తనేనని. పక్క క్వార్టర్‌లో ఉండే రామనాథం, అదే షాపులో ఫిట్టరు, చివరి రోజు వరకూ వెళ్ళలేదని. సమ్మె అయ్యాక అతని ఉద్యోగం పోయిందని, పెళ్ళాం పిల్లలతో పలాస వెళ్ళిపోయాడని. ఆ రోజు సాగనంపడానికి తమ ఇంటి నుంచి ఎవరూ వెళ్ళలేదని.

కృపాదానం మొహం ఎర్రబడింది. "నాను సెప్పనిది ఎందుకు రాసినావు?"

"మీరు సెప్పలేదనే రాసినాను."

"ఈ పుస్తకం నాది. నువ్వు రాసీదానివి."

"రాసీదాన్నే. కాదన్నానేటి?"

"చింపీ."

"నాను చింపను. కావాలంటే మీరు చింపండి," అని నోటుబుక్కు ఆయన ముందుకు తోసింది.

ఆయన ఎడంచేత్తో దాన్ని మూసేశాడు. చింపలేదు. మళ్ళీ తెరవనూ లేదు.

తొమ్మిది రోజులు బల్ల దగ్గరికి రాలేదు. వరండాలో కుర్చీ వేయించుకుని లోకల్ బళ్ళ చప్పుడు వింటూ కూర్చున్నాడు. విజయ కుమారి వేళకు మాత్రలు ఇచ్చింది, డాక్టరు చెప్పినట్టు చేతిలో రబ్బరు బంతి పెట్టి పిసికించింది. పుస్తకం ఊసెత్తలేదు. రాసినందుకు ఆమెకు పశ్చాత్తాపం కలగలేదు గానీ, జబ్బు మనిషిని కష్టపెట్టానే అన్న బాధ మాత్రం ఉంది.

పదో రోజు ఆయన తనే వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు.

"అందులో ఒకటి తప్పు రాసినావు."

"ఏటి తప్పు?"

"సాగనంపడానికి మనింటి నుంచి ఎవరూ ఎళ్ళలేదని రాసినావు. నాను ఎళ్ళినాను."

ఆమె నమ్మలేనట్టు చూసింది.

"బజారుకని నీతో సెప్పి హౌరా ఎళ్ళినాను. పిల్లలకి సందేశ్ మిఠాయి పేకెట్టు కొన్నాను. ప్లాట్‌ఫారం మీద పార్సిల్ బళ్ళుంటాయి కదా, వాటి ఎనకాల నిలబడిపోయినాను. కాలు ముందుకు పడలేదు. రామనాథం సామాన్లు ఎక్కించుకున్నాడు. కిటికీలోంచి ఒకసారి ఇటే చూసినాడు. నన్ను చూసినాడో లేదో ఇప్పటికీ తెలీదు. బండి ఎళ్ళిపోయింది. పేకెట్టు ఒక కూలీకి ఇచ్చేసి వచ్చినాను."

"నాకెప్పుడూ సెప్పలేదు."

"ఎవరికీ సెప్పలేదు."

విజయ కుమారి నోటుబుక్కు తెరిచి, ఎవరూ వెళ్ళలేదన్న వాక్యం కొట్టేసింది. కొంచెం రాసి తలెత్తింది. "సామాన్లేటి?"

ఆయన ఆలోచించాడు. "రెండు ట్రంకులు. ఒక ఇత్తడి బిందె. బిందె పెద్దపిల్ల ఒళ్ళో పెట్టుకుంది."

అది కూడా రాసింది. ఇరవై రోజులూ అందరం నిలబడ్డాం అన్న వాక్యాన్ని ఆయనే కొట్టేయమన్నాడు.

ఆదివారం చర్చి అయ్యాక కూతురు జూలియా వచ్చింది. పక్కనున్న బేలూరులో బెంగాలీ బడిలో టీచరు. సమ్మె జరిగిన ఏడు ఆగస్టులో పుట్టిన పిల్ల ఆమే. వారం వారం కొత్త పేజీలను ఫోనుతో ఫోటోలు తీసి సంఘం వాళ్ళకు పంపడం ఆమె పని. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది కాబట్టి ఎప్పుడూ చదవకుండానే పంపేది. ఆ రోజు తన పేరు కనబడి కూర్చుంది. నాలుగు పేజీలకు గంట పట్టింది.

"నాన్నా, నాను కడుపులో ఉన్నాననే కదా పన్లోకి ఎళ్ళినావు? దాంట్లో తప్పేటుంది?"

కృపాదానం తల అడ్డంగా ఊపాడు.

"రామనాథానికీ ఇద్దరు పిల్లలు కదమ్మా. నాకు బయమేసింది, ఎళ్ళిపోయినాను. అడిగినోళ్ళందరికీ నీ పేరు సెప్పినాను."

జూలియా తండ్రి చేతి మీద చేయి వేసింది. విజయ కుమారి కలం అందుకుని ఆ మాటలు కూడా రాస్తోంటే ఆయన వద్దనలేదు.

రెండు నెలల తరవాత ఒక శనివారం ఉమామహేశ్ ప్రూఫులు పట్టుకుని వచ్చాడు. న్యూ టౌన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ సంఘం పుస్తకాల పని చూసేది అతనే. అట్ట మీద 'రచయిత: కృపాదానం' అని ఉంది. లోపల చిన్నక్షరాల్లో 'చేతిరాత సహాయం: శ్రీమతి విజయకుమారి' అని ఉంది.

"ఇది సరికాదు బాబూ," అన్నాడు కృపాదానం.

"మరి ఏమని వేయమంటారు అంకుల్? లేఖరి అని పాత మాట ఒకటుంది. చెబుతుంటే విని రాసేవాళ్ళని అలా అంటారు."

"బేంకు లాకరులాగుంది. వద్దు," అంది విజయ కుమారి.

"పోనీ, సహరచయిత్రి?"

"సహ అంటే పక్కన కూకున్నట్టుంది. ఈవిడ నా ఎదురుగా కూకుంది," అన్నాడు కృపాదానం.

"జంట రచయితలు అనొచ్చు."

ఆమె ఫక్కున నవ్వింది. "ఈ వయసులో జంటేటి బాబూ!"

కృపాదానం భార్యవైపు తిరిగాడు. "నువ్వేటంటావు?"

"ఆయనా రాసినారు, నానూ రాసినాను. రాసినవారు అని వేసీండి. ఒకరికైనా సరిపోద్ది, ఇద్దరికైనా సరిపోద్ది. ఆయన పేరే ముందు పెట్టండి, అయిదు నోటుబుక్కులు ఆయన చేత్తోనే రాసినారు."

ఉమామహేశ్ 'రచయిత' కొట్టేసి 'రాసినవారు' అని రాశాడు. కింద రెండు పేర్లూ రాసి చూపించాడు. విజయ కుమారి కళ్ళజోడు పెట్టుకుని కాగితం దగ్గరగా తీసుకుంది. తన పేరు ఒక పుస్తకం అట్ట మీద ఆమె ఇంతవరకూ ఎప్పుడూ చూసుకోలేదు.

"విజయ తరవాత కొంచెం జాగా ఒదలండి. నా పేరు రెండు ముక్కలు."

అతను ఎర్ర పెన్నుతో రెండింటి మధ్యా జాగాకి గుర్తుగా నిలువుగీత గీశాడు. ఆమె ఇంకోసారి చూసి, కాగితం కృపాదానానికి ఇచ్చి, టీ పెట్టడానికి లేచింది.