పడవ నరసయ్య ఎందుకు బతికాడు?

నేను ఒక పరీక్ష అట్టను. పైన ఇనుప క్లిప్పు, ముందువైపు నల్ల కాలికో గుడ్డ, అంచులకు ఎర్ర గుడ్డపట్టీ. వెనకవైపు మాత్రం ఏమీ అతికించలేదు, ఉత్త బూడిదరంగు అట్ట. నన్ను చేసిన బైండింగు షాపు ముసలాయన అక్కడికి వచ్చేసరికి కాలికో అయిపోయిందట. "వెనక ఎవడు చూస్తాడులే" అని ఎండలో పడేశాడు. నా కథంతా ఆ వెనకవైపే జరిగింది.

నా మీద పెట్టి రాసిన మొదటి పరీక్ష పితాని గంగరాజు పదో తరగతి లెక్కలు. తప్పాడు. సెప్టెంబరులో మళ్ళీ రాశాడు, మళ్ళీ తప్పాడు. ఇంటికొచ్చి "ఈ అట్ట అచ్చిరాలేదు" అన్నాడు. లెక్కలు నేను చెయ్యలేదు, చెయ్యమని నన్నెవరూ అడగనూ లేదు. అయినా మనుషులకు ఏం జరిగినా దానికో కారణం కావాలి, అది ఎదురు చెప్పలేనిదైతే మరీ మంచిది.

అతను నన్ను అటక మీదకు విసిరేసి రైసుమిల్లులో కాటా దగ్గర పనికి కుదిరాడు. అతని అక్క మాణిక్యం నన్ను కిందికి దించింది. ఆమె ఆడపిల్లల హైస్కూల్లో గుమస్తా, తల్లిదండ్రులు పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. పగలు బడి కాగితాలు, సాయంత్రం కథలు. నాలుగైదు కథలు అచ్చయ్యాక ఒక వారపత్రిక వాళ్ళు సీరియల్ రాయమన్నారు. అప్పట్లో ఆడవాళ్ళంటే సంసారాల గురించే రాస్తారని పేరు. ఈమె మొండిది. లోకమంతా ఒక మాయదారి జ్వరం వచ్చి ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోవడం, మిగిలిన గుప్పెడుమంది గోదావరి పాయల్లో పడవ మీద తిరగడం రాసింది. పేరు 'ఆఖరి రేవు'.

ఇలాంటి కథల్లో ఎవరు బతుకుతారో నేను మొదటి వారమే చెప్పగలను. హీరో బతుకుతాడు. డాక్టరు చదివిన అమ్మాయి బతుకుతుంది. ఒక చిన్నపిల్ల, ఒక కుక్క. నవ్వించేవాడు చివరికి రెండు వారాల ముందుదాకా బతికి, అందర్నీ ఏడిపించి పోతాడు. డబ్బున్న పిసినారి రెండో వారమే పోతాడు. నిజం జ్వరానికి ఇంత పద్ధతి ఉండదు.

మాణిక్యం పద్ధతి ఒకటుంది. పాత్రల పేర్లన్నీ నా వెనకవైపు పెన్సిలుతో రాసుకునేది. ఎవరైనా పోతే ఆ వారం కాగితాలు పోస్టు చేసే ముందు వాళ్ళ పేరు మీద ఒక అడ్డగీత కొట్టేది. కొత్త వారం మొదలుపెట్టేటప్పుడు నన్ను తిప్పి చూసుకునేది, ఎవరున్నారు, ఎవరు లేరు అని. పాత సంచికలు తిరగేసే ఓపిక ఆమెకు లేదు. నన్నే నమ్ముకుంది.

సీరియల్ మూడో వారంలో ఉండగా గంగరాజు నెత్తురు కక్కాడు. క్షయ. అంతకు ఏడాది ముందే వస్తే మందులిచ్చారు. నాలుగు నెలలు మింగి, దగ్గు తగ్గింది కదా అని మానేశాడు. ఈసారి ఆ మందులు పనిచేయడం లేదు. ఊరి బయట ఛాతీ ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డు, తొమ్మిదో మంచం. మాణిక్యం బడి వదలగానే క్యారియరు పట్టుకుని వచ్చేది. లోపల ఎక్కువసేపు ఉండనిచ్చేవారు కాదు, అందుకని కిటికీ బయట వరండాలో బల్ల వేసుకుని, నన్ను ఒళ్ళో పెట్టుకుని రాసేది. లోపల దగ్గు, బయట నా మీద పెన్ను చప్పుడు. నాకు రెండూ వినిపించేవి.

శుక్రవారం పత్రిక వచ్చేది. గంగరాజు మంచం మీద కూర్చుని పైకి చదివేవాడు, వార్డంతా వినేది. ఆ పద్నాలుగు మందీ ఒక ఆట కనిపెట్టారు. మనిషికో పాత్రను తీసుకున్నారు. హీరో కోసం కొట్టుకున్నారు. చివరికి హీరో పక్క మంచం సత్తిబాబుకు దక్కాడు, ఎందుకంటే అందరికంటే గట్టిగా అరవగలిగింది అతనే. లారీ మీద క్లీనరు, ఊపిరితిత్తి సగమే ఉన్నా గొంతు మాత్రం పూర్తిగా ఉంది. గంగరాజుకు మిగిలింది పడవ నరసయ్య, తెడ్డు వేసే ముసలాడు, వారానికి రెండు మాటలు మాట్లాడేవాడు.

"నీ మనిషి పోతాడ్రా ముందు," అనేవాడు సత్తిబాబు. "ముసలోళ్ళని ఉంచరు."

"రాసేది మా అక్క. సూద్దాం," అనేవాడు గంగరాజు.

ఏడో వారం రాస్తున్న రోజున ఎక్స్‌రే వచ్చింది. డాక్టరుగారు మాణిక్యాన్ని పక్కకు పిలిచి రెండో ఊపిరితిత్తికి కూడా పాకిందని చెప్పారు. ఆమె తిరిగి వచ్చి బల్ల మీద కూర్చుంది. ఆ వారం చివరి వాక్యం అప్పుడే రాసింది: 'తెల్లారేసరికి పడవ పక్కన నరసయ్య చల్లగా పడి ఉన్నాడు.' కాగితాలు మడిచి కవరులో పెట్టింది. నన్ను తిప్పలేదు. గీత కొట్టలేదు.

కొట్టు తల్లీ, మరిచిపోయావు అని నేను ఎంత అనుకున్నానో. నోరుంటే తల కాస్తుందంటారు. నాకు ఉన్నది క్లిప్పు ఒక్కటే.

శుక్రవారం ఆ వాక్యం చదివాక గంగరాజు పత్రిక మూసి, "సూసేరా, మా అక్క పక్షపాతం చూపదు," అని నవ్వాడు. తరవాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. సత్తిబాబు కూడా ఆ సాయంత్రం వేళాకోళం చెయ్యలేదు.

పదకొండో వారంలో పడవ నడపడానికి మనిషి కావలసివచ్చింది. మాణిక్యం నన్ను తిప్పి చూసింది. ఎక్స్‌రే వచ్చిన రోజు ఏం రాసిందో ఆమెకు గుర్తే లేదు, నరసయ్య పేరు మీద చూస్తే గీత లేదు. ఇంకేం, తెడ్డు చేతికిచ్చింది.

ఆ శుక్రవారం వార్డులో గోల గోల. "నరసయ్య బతికే ఉన్నాడ్రోయ్!" అని సత్తిబాబు గిన్నె మీద గరిటెతో వాయించాడు, నర్సమ్మ వచ్చి కేకలేసింది. గంగరాజు ఆ పేజీ మూడుసార్లు చదివాడు. అక్క పొరపాటు పడిందని అతనికి మొదటిసారే తెలిసిపోయింది, కిటికీ లోంచి చూసిన చూపులోనే నాకు కనిపించింది. కానీ ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి కూడు పూర్తిగా తిన్నాడని మర్నాడు ఆయా చెప్పింది.

పాఠకులు మాత్రం ఊరుకుంటారా? ఉత్తరాలు బస్తాల్లో వచ్చాయి. ఏడో వారంలో చచ్చిన మనిషి పదకొండో వారంలో తెడ్డెలా వేశాడండీ అని. కొందరు జవాబులు కూడా వాళ్ళే పంపారు. పచ్చి చేపలు తిన్నాడు కాబట్టి అని ఒకాయన. రక్తంలో ఏదో ప్రత్యేకత అని ఇంకొకాయన రెండు పేజీలు. నరసయ్య సాక్షాత్తూ దేవుడే అని అనకాపల్లి నుంచి ఒకావిడ. ఎడిటరు కార్డు రాశాడు: 'ఏదో ఒక కారణం వెంటనే రాయండి. పత్రిక పరువు పోతోంది.'

మాణిక్యం మూడు రోజులు కూర్చుంది. చివరికి రాసింది: ముసలాడు బతికున్నన్నాళ్ళూ పేదవాళ్ళను ఊరికే ఏరు దాటించాడు, ఒకరికి కీడు తలపెట్టలేదు, అంత మంచి మనసును జ్వరం ముట్టుకోలేక వెనక్కి తగ్గింది. రాసి, ఎంతో బాగుందనుకుంది. నేనూ బాగుందనే అనుకున్నాను, అబద్ధమెందుకు.

అది అచ్చయిన వారంలోనే, బుధవారం నాడు, సత్తిబాబు పోయాడు.

శుక్రవారం అతని భార్య నూకరత్నం దుప్పటీ, గిన్నే తీసుకెళ్ళడానికి వచ్చింది. గంగరాజు అప్పుడే చదువుతున్నాడు. ఆమె ద్వారం దగ్గర నిలబడి మొత్తం విన్నది. తరవాత వరండాలోకి వచ్చి మాణిక్యం ముందు నిలబడింది.

"మీరేనాండి రాసేది?"

"అవునమ్మా."

"మంచోళ్ళని జొరం ముట్టుకోలేదని రాసేరు కదండి. మరి మా ఆయన మంచోడు కాదాండి?"

మాణిక్యం పని పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టయింది. నూకరత్నం కోపంగా అడగలేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది, అందుకే అంత భయం వేసింది. తనే, "తాగేవోడేలెండి. కానీ మంచోడేనండి," అని గిన్నె చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. మాణిక్యం వేళ్ళు నా అంచును ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే ఎర్రపట్టీ ఒకచోట ఊడింది. ఇప్పటికీ అలాగే ఉంది.

లోపలి నుంచి గంగరాజు పిలిచాడు. "అక్కా, ఇలా రా."

ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"కారణాలు రాయకే. నువ్వు మంచి మనసని రాస్తే అది లేదనుకున్నోడు పోతాడు. రక్తమని రాస్తే ఇక్కడోళ్ళందరం రక్తం చూసుకుంటాం. బతికేడని రాయి, చాలు."

"చదివేవాళ్ళు ఊరుకోవద్దా?"

"నీకు నాతోపాటు ఎందుకు రాలేదే ఈ రోగం? ఒకే ఇల్లు, ఒకే కూడు. నాకంటే మంచిదానివనా?" దగ్గు తెర తగ్గేదాకా ఆగి నవ్వాడు. "మంచిదానివేలే. కానీ అందుకా?"

మాణిక్యం కిటికీ ఊచ పట్టుకుని ఏడ్చింది. నేను ఆమె చంకలో ఉన్నాను. ఆమె గుండె కొట్టుకోవడం నాకు తెలుస్తోంది. అన్ని పేర్లు మోసినవాణ్ణి, ఒక్కదాన్నీ పట్టి ఆపలేనివాణ్ణి. ఆ ఏడో వారం నా వెనక ఒక గీత పడి ఉంటే నరసయ్య తిరిగి వచ్చేవాడు కాడు, ఈ తంటా ఉండేది కాదు. కానీ గంగరాజు ఆ ఐదు వారాలు కడుపునిండా తినేవాడూ కాడు. ఏది మంచిదో నాకు తెలియదు.

గంగరాజు పదహారో వారంలో పోయాడు. చివరి వారం కాగితాలు ఇంకా పంపాల్సి ఉంది.

పెద్దకర్మ అయిన మర్నాడు మధ్యాహ్నం మాణిక్యం నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముందుగా నన్ను వెనక్కి తిప్పి నరసయ్య పేరు మీద ఒక్క గీత కొట్టింది. పెన్సిలు ముక్కు విరిగింది. ఆ గీతలో ఉన్న కోపం నా మీద ఇంకా గుంటగా ఉంది. అతను లేనప్పుడు ఇతనెందుకు అన్న కోపం. తరవాత పెన్సిలు చెక్కుకుని, ఆ కొట్టేసిన పేరు కిందే మళ్ళీ రాసింది. నరసయ్య.

అప్పుడు చివరి వారం రాసింది. పడవలో చిన్నపిల్ల అడుగుతుంది, "తాతా, అందరూ పోయారు కదా, నువ్వెందుకు పోలేదు?" అని. ముసలాడు అంటాడు, "తెలీదమ్మా. కాస్త ఇటు జరిగి కూర్చో, పడవ ఒరుగుతోంది." అంతే, సమాప్తం. పాఠకులు తిట్టుకున్నారని విన్నాను.

ఆమె మళ్ళీ నా మీద ఏమీ రాయలేదు. ఆసుపత్రి దుప్పటీ తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు నన్నూ తీసుకెళ్ళింది. కేసు షీట్లు పెట్టడానికి అట్టలు చాలడం లేదని నర్సమ్మ అంటే, అక్కడే ఇచ్చేసింది. నాకు చిల్లు పొడిచి, తాడు కట్టి మంచం కాళ్ళ దిక్కున వేలాడదీశారు. ఎన్నో మంచానికో చెప్పక్కర్లేదు.

ముందువైపు ఇప్పుడు జ్వరం గీతలు, మందుల పేర్లు. ఎంతమంది వచ్చారో, ఎంతమంది నడిచి వెళ్ళారో, ఎంతమందిని మోసుకెళ్ళారో నేను చూశాను. ఎవరు ఏ దారిన పోతారో ఒక్కసారీ సరిగ్గా ఊహించలేకపోయాను. సీరియల్ అయితే మొదటి వారమే చెప్పేవాణ్ణి.

పోయిన నెల ఒక తాపీమేస్త్రి వచ్చాడు. నడివయసువాడు, చూడ్డానికి ఎవరూ రారు. ఊసుపోక నన్ను తిప్పి చూశాడు.

"ఈళ్ళంతా ఎవరండీ?" అని ఆయాను అడిగాడు.

"పాత పేషెంట్లు అయ్యుంటారు."

"చాలామందిని కొట్టేసేరు. ఈ నరసయ్యని కొట్టేసి మళ్ళీ రాసేరేటండి?"

ఆయా వంగి చూసింది. "పోయేడనుకుంటే బతికుంటాడు. ఇంటికెళ్ళిపోయుంటాడు."

"ఎలా బతికేడంటారు?"

"నాకేం తెలుసు బాబూ. పాలు చల్లారిపోతున్నాయ్, తాగు."

తాగాడు. ఆ రోజు నుంచి పొద్దున్నే లేవగానే నన్ను తిప్పుతాడు. నరసయ్య పేరు మీద బొటనవేలు పెట్టి, దణ్ణం పెట్టుకున్నట్టు అటూ ఇటూ రుద్దుతాడు. ఎప్పటిదో పెన్సిలు రాత, రోజూ కొంచెం కొంచెం చెరిగిపోతోంది. అలా రుద్దకు నాయనా, ఊరికే చూడు అని చెప్పాలని ఉంది. నాకు నోరు లేదు.