బట్టీ చల్లారేదాకా

మేస్త్రికి ఓపిక జాస్తి అని పనివాళ్ళందరూ అనేవాళ్ళు. నిజమే, కానీ ఆ ఓపికంతా కుండలు కాల్చే బట్టీ దగ్గరే. ఇంట్లో కళ్ళజోడు కనబడకపోతే ఇల్లు పీకి పందిరేసే మనిషి, బట్టీ ముందు మాత్రం గొప్ప శాంతమూర్తి. మంట ఆర్పి, తలుపుకి ఇటుకలు పేర్చి మట్టి మెత్తాక, అది దానంతట అది చల్లారేదాకా ఎవర్నీ చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. తొందరపడి తెరిస్తే చల్లగాలి తగిలి లోపలి కుండలు పగులుతాయి. సరుకు కోసం వచ్చినవాళ్ళు ఎంత బతిమాలినా "దానికి చల్లారబుద్ధైనప్పుడు చల్లారుతుంది, మీరెళ్ళి టీ తాగి రండి" అనేవాడు.

అతనికి ఇంకో నియమం కూడా ఉండేది. బట్టీలో ఏముందో, అది బయటికొచ్చేదాకా నోరు విప్పి చెప్పకూడదు. వాళ్ళ నాన్న నేర్పిన అలవాటు అది. మూఢనమ్మకమని పనివాళ్ళు నవ్వితే, "నమ్మకం కాదురా, సిగ్గు. అంత బాగుంటుంది ఇంత బాగుంటుందని ఊదరగొట్టి, తీరా తలుపు తీస్తే పెంకులు కనబడితే మొహం ఎక్కడ పెట్టుకుంటావు?" అనేవాడు. మొదటి నియమం అతనికి అన్నం పెట్టింది. రెండోది కొంప ముంచింది.

అతని భార్య సంగతి చెప్పాలి. ప్రతి ఆదివారం మేస్త్రి ఆవిణ్ణి కుండలు మోసే వ్యానులో చర్చి దాకా తీసుకెళ్ళేవాడు. గేటు దగ్గర ఆపి, "నువ్వెళ్ళు. నేనిక్కడే ఉంటా" అనేవాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగేది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, బైబిలు ఉన్న సంచీ భుజానికి తగిలించుకుని లోపలికి వెళ్ళేది. ఎప్పుడూ ఒకే బల్ల మీద, నడవ పక్కనే కూర్చునేది. పక్కన ఇంకొకరు కూర్చునేంత చోటు వదిలి అక్కడ సంచీ పెట్టేది. తెలియనివాళ్ళొచ్చి "ఇక్కడెవరైనా ఉన్నారామ్మా?" అంటే, "మా ఆయన వస్తారు" అనేది. కొన్నేళ్ళకి అడిగేవాళ్ళు కూడా మానేశారు. తెరిచిన తలుపులోంచి ఆవిడ తలా, పక్కన ఖాళీ చోటూ మేస్త్రికి వ్యానులోంచి కనబడుతూనే ఉండేవి. చూడనట్టు పేపరు తిరగేసేవాడు.

అలాగని మేస్త్రి పుట్టుకతోనే నాస్తికుడేం కాదు. బాప్తిస్మం తీసుకుంటానని పెళ్ళికి ముందు మామగారికి మాటిచ్చినవాడే. రేపూ మాపూ అంటూ ఉండగా మొదటి బిడ్డ పుట్టింది. వారం తిరక్కుండానే పోయింది. మట్టి వేసి వస్తుంటే అప్పటి పాస్టరుగారు భుజం మీద చెయ్యేసి, "అన్నిటికీ దేవుడి సమయం ఒకటి ఉంటుంది నాయనా" అన్నారు. మంచి మనిషే, మంచి మాటే. కానీ ఆ మాట అనాల్సింది ఆ పూట కాదు. మేస్త్రి ఆ చెయ్యి తీసేసి, "ఆ గడియారమేదో ఆయన దగ్గరే ఉంచుకోమనండి" అని చర్చి గేటు దాటాడు. మళ్ళీ లోపల అడుగు పెట్టలేదు. తర్వాత కొడుకు పుట్టినా, వాడు పెద్దవాడై వ్యాను నడిపే వయసొచ్చినా అతను మాత్రం కరగలేదు.

ఆవిడ పోరు పెట్టిందా అంటే అదీ లేదు. చర్చిలో బాప్తిస్మానికి వాడే రేకు గిన్నె అంచులు చిట్లి తుప్పు పట్టింది. దాన్ని చూసినప్పుడల్లా, "ఇంట్లో ఇంత పనిమంతుణ్ణి పెట్టుకుని మాకు ఆ డొక్కు గిన్నె ఏం ఖర్మండీ? మీరు రాకపోతే పోయారు, మీ చేత్తో చేసిన గిన్నైనా రానివ్వండి" అనేది. అతను వినబడనట్టు ఊరుకునేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం మర్చిపోయిన కళ్ళజోడు కోసం ఇంటికొచ్చాడు. వంటింట్లో ఆవిడ కూరగాయలు తరుగుతూ ఎవరితోనో మాట్లాడుతోంది. ఎవరొచ్చారా అని గుమ్మం దగ్గర ఆగాడు. ఎవరూ లేరు. ఆవిడ దేవుడితో మాట్లాడుతోంది, పక్కింటి పెద్దాయనతో మాట్లాడినట్టు.

"మా ఆయన సంగతి నీకు తెలిసిందేగా. మొండిఘటం. లాగితే తెగుతాడు కానీ రాడు. నువ్వేం తొందరపెట్టకు తండ్రీ. ఆ మనిషి మనసు చాలా నొచ్చుకుంది. నీకెప్పుడు కుదిరితే అప్పుడే పిలువు. నేనెక్కడికి పోతాను, ఇక్కడే ఉంటాగా."

తర్వాత మోకాళ్ళ నొప్పి గురించి ఏదో చెప్పుకుంది. మేస్త్రి కళ్ళజోడు తీసుకోకుండానే వెనక్కి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళూ ఆవిడ తన మీద దేవుడికి చాడీలు చెబుతోందనే అనుకున్నాడు. తీరా చూస్తే తన తరఫున వాయిదా అడుగుతోంది. ఆ రోజు కుమ్మరి సారె మీద పెట్టిన మట్టిముద్ద పెట్టినట్టే పాడైంది. సాయంత్రం చేతులైనా సరిగా కడుక్కోకుండా పాస్టరుగారి ఇంటికి వెళ్ళాడు. పాతాయన ఎప్పుడో వెళ్ళిపోయారు. ఇప్పుడున్నాయన చిన్నవాడు.

"బాప్తిస్మం తీసుకుంటానండి" అన్నాడు మేస్త్రి.

పాస్టరుగారు లేచి నిలబడ్డారు. "ఈ ఆదివారమే పెట్టుకుందాం మేస్త్రిగారూ."

"కాదండి. గిన్నె నేనే చేస్తా. అందులో నీళ్ళు మొట్టమొదట నా తల మీదే పడాలి. అందాకా మా ఆవిడకి చెప్పొద్దు."

"చెబితే ఎంత సంతోషపడతారో."

"చూస్తే ఇంకా సంతోషపడుద్ది. మాటివ్వండి."

ఆయన మాటిచ్చారు. ఇవ్వకుండా ఉండాల్సింది.

మొదటి గిన్నె ఆరేటప్పుడే బీటలిచ్చింది. రెండోది ఒక పక్కకి ఒరిగిపోయింది. అంచు మందంగా ఉండే పెద్ద గిన్నె, నీడలో మెల్లగా ఆరాలి. మూడోది ఆరుతుండగా ఆవిడకి ఆయాసం మొదలైంది. గుండె అలిసిపోయిందనీ, మందులు వాడుతూ విశ్రాంతి తీసుకుంటే చాలనీ డాక్టరు చెప్పాడు. చాలన్నాడు కదా అని మేస్త్రి ధైర్యంగానే ఉన్నాడు. గిన్నె బట్టీకెక్కింది. మంట ఆర్పిన సాయంత్రం ఇంటికొచ్చి ఆవిడ మంచం పక్కన కూర్చున్నాడు.

"ఏమండీ, ఏదో దాస్తున్నారు మీరు" అంది ఆవిడ. "మీ మొహం మీకు సాయం చెయ్యదు."

"బట్టీలో ఉంది."

"ఏంటది?"

"బట్టీలో ఉన్నదాన్ని అడక్కూడదని తెలీదా? ఇన్నేళ్ళు కాపురం చేసి ఏం నేర్చుకున్నావు?"

ఆవిడ నవ్వింది. నవ్వుకే ఊపిరి చాలక కాసేపు ఆగింది. "సరే, చల్లారాకే చెప్పండి. ఎదురుచూడటం నాకేమన్నా కొత్తా?"

మాట అతని పెదాల దాకా వచ్చింది. చెప్పేద్దామనుకున్నాడు. చెప్పాక గిన్నె పగిలిపోతే? ఆశ పెట్టి ఆవిణ్ణి ఉసూరుమనిపించినట్టవుతుందని మింగేశాడు. గిన్నె పగిలితే మాత్రం ఏమైంది, ఆ రేకు గిన్నెలో నీళ్ళు నిలవవా? ఆవిడ అన్నేళ్ళు అడిగింది గిన్నెనా, మనిషినా? ఆ మాత్రం ఆలోచన ఆ పూట అతనికి తట్టలేదు. దుప్పటి ఆవిడ కాళ్ళ మీదికి లాగి, "ఆదివారం చూద్దువుగాని" అన్నాడు.

శనివారం మధ్యాహ్నం మేస్త్రి బట్టీ గోడకి అరచెయ్యి ఆనించి చూస్తున్నాడు. కింది వరస చల్లబడింది. పైన ఇంకా వేడిగానే ఉంది. కొడుకు వ్యాను లోపలికొచ్చి ఆగింది. వాడు ఇంజను ఆపకుండానే దిగి అక్కడే నిలబడిపోయాడు.

"అమ్మ..." అన్నాడు.

ఇంటికెళ్ళేసరికి ఆవిడ పడుకున్నట్టే ఉంది. మంచం పక్కన మర్నాటికి సర్ది పెట్టుకున్న సంచీ ఉంది. మేస్త్రి వంగి, ఆవిడ చెవి దగ్గర చెప్పాల్సిందంతా చెప్పాడు. గిన్నె గురించి చెప్పాడు, మాటిచ్చానని చెప్పాడు. అలా చెబుతూనే ఉంటే కొడుకు భుజాలు పట్టుకుని లేపాల్సి వచ్చింది. చెవిలో చెబితే వినే వేళ దాటిపోయింది. అది అతనికీ తెలుసు.

ఆదివారం ఆవిణ్ణి మట్టి చేశారు. ఆ మర్నాడు బట్టీ తలుపు ఇటుకలు అతనే ఒక్కొక్కటీ తీశాడు. ఒక్క పాత్రా పగల్లేదు. నడిమధ్యలో గిన్నె ఉంది. చిన్న గీతైనా లేదు. వేలితో తడితే ఖంగుమంది. పగిలి ఉంటే బాగుండేది, కనీసం కోపగించుకోవడానికి ఒకటుండేది. మేస్త్రి గిన్నె ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

"అన్నేళ్ళు ఆగింది నీకోసం" అన్నాడు దేవుడితో, తెరిచిన బట్టీలోకి చూస్తూ. "తొందరేం లేదని కూడా నీకు చెప్పింది. ఆవిడ కోసం ఒక్క రోజు నువ్వాగలేకపోయావా?"

బట్టీ తెరిచాడని తెలిసి వచ్చిన పాస్టరుగారు ఆ మాట విన్నారు. వచ్చి పక్కనే మట్టిలో కూర్చున్నారు.

"ఎందుకండీ ఇలా?" అని అడిగాడు మేస్త్రి. "దేవుడి సమయం అంటారా మీరు కూడా?"

"నాకు తెలీదు మేస్త్రిగారూ" అన్నారాయన. "శుక్రవారం ప్రార్థనకి ఇంటికొచ్చాను. 'ప్రార్థనలో మా ఆయన్ని మర్చిపోకండి అయ్యగారూ' అన్నారు మీ ఆవిడగారు. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. మీకిచ్చిన మాట అప్పుడే తప్పాల్సింది."

ఇద్దరూ ఏడ్చారు. ఒకరినొకరు ఓదార్చుకునే ఓపిక ఇద్దరికీ లేదు. కాసేపటికి పాస్టరుగారు మెల్లగా, "ఈ గిన్నె సంగతి తర్వాత చూద్దాంలెండి. మీ మనసు కుదుటపడ్డాకే" అన్నారు.

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. "తర్వాత తర్వాతే కదండీ ఇంత పని చేసింది. వచ్చే ఆదివారమే కానివ్వండి. ఈ కోరిక ఆవిడ కోసమే అయితే ఆవిడతోనే పోయేది. పోలేదు. ఆయన మీద కోపంగా ఉంది నాకు. కోపం ఉన్నా, ఆయనతో కాక ఇంకెవరితో పోట్లాడను?"

"కోపంతోనే రండి" అన్నారు పాస్టరుగారు.

ఆదివారం వ్యాను కొడుకు నడిపాడు. చిన్నప్పుడు తల్లి వేలు పట్టుకుని చర్చికి వెళ్ళిన పిల్లాడే. ఇప్పుడు గేటు దగ్గర ఆపి, స్టీరింగు మీదే చేతులుంచి కూర్చున్నాడు.

"రావురా?" అన్నాడు మేస్త్రి.

"అమ్మ అన్ని ప్రార్థనలు చేసింది నాన్నా. ఏమైంది? కళ్ళారా చూసుకుందా?" వాడు తండ్రి మొహం చూడలేదు. "నువ్వెళ్ళు. నేనిక్కడే ఉంటా."

ఆ మాట మేస్త్రి గుండెల్లో దిగబడింది. అన్నేళ్ళు తన నోటితో తేలిగ్గా అనేసిన మాట వినేవాళ్ళకి ఎలా ఉంటుందో ఆ గేటు దగ్గర తెలిసొచ్చింది. వాణ్ణి చెయ్యి పట్టుకుని లాగాలనిపించింది, కాళ్ళు పట్టుకోవాలనిపించింది. ఆవిడైతే ఏం చేసేదో అతనికి తెలుసు. ఒక్క క్షణం ఆగాడు. ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుని, గిన్నె రెండు చేతులా పట్టుకుని లోపలికి నడిచాడు.

గిన్నెలో నీళ్ళు పోశారు. పాస్టరుగారు దోసిలితో అతని తల మీద పోస్తూ బాప్తిస్మపు మాటలు చెబుతుంటే మేస్త్రి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ నీళ్ళూ ఈ నీళ్ళూ కలిసి మెడ మీదుగా చొక్కాలోకి కారాయి. లేచి వెళ్ళి ఆవిడ కూర్చునే బల్ల మీద, నడవ పక్కన, ఆవిడ చోట్లో కూర్చున్నాడు. పక్కన సంచీ పెట్టాడు. తల తిప్పితే తెరిచిన తలుపులోంచి వ్యాను కనబడుతోంది. అందులో వాడు కిందికి చూస్తూ కూర్చున్నాడు.

పాట మొదలయ్యే ముందు ఎవరో కొత్తాయన ఆలస్యంగా వచ్చి బల్ల పక్కన వంగాడు.

"ఇక్కడెవరైనా ఉన్నారా అండీ?"

మేస్త్రి తడి తల తుడుచుకున్నాడు. సంచీ మీద చెయ్యి వేశాడు కానీ తియ్యలేదు.

"మా అబ్బాయి వస్తాడండి" అన్నాడు.