ఇరవైమూడో బూత్‌లో వినబడలేదు

నేను ఒక హెడ్‌ఫోన్‌ను. నల్లటి ప్లాస్టిక్ ఒళ్ళు, రెండు చెవిదిమ్మలు, నోటి దగ్గరికి వంగే చిన్న మైకు. నెత్తిన తెల్ల పెయింటుతో 23 అని రాసుంటుంది. ఒక విశ్వవిద్యాలయంలో, ఇంగ్లీషు విభాగం మేడ మీద, లాంగ్వేజ్ ల్యాబ్ అనే గదిలో నా కాపురం. గోడకు ఏసీ పెట్టె ఉంది కానీ గాలి మాత్రం సీలింగ్ ఫ్యాన్లదే.

ముందే చెప్తున్నాను, నాకు కోపం ఎక్కువ. తమను తొక్కినవాళ్ళను, అమ్మేసినవాళ్ళను కూడా ప్రేమగా తలుచుకునే పాత సైకిళ్ళ కథలు మీరు చాలా విని ఉంటారు. నా దగ్గర అలాంటి ముచ్చట్లు దొరకవు. ఓపిక ఉంటే వినండి, లేకపోతే మీ దారిన మీరు పొండి.

నేను పుట్టింది ఊరవతల ఒక రేకుల షెడ్డులో. వరసగా కూర్చున్న ఆడవాళ్ళలో ఒకామె వెంట్రుకంత రాగితీగకు టంకం పెట్టి, నన్ను తన చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నది. "ఆఁ, పలుకుతాంది" అని పక్కామె వైపు తోసింది. ఇన్నేళ్ళలో నన్ను సరిగ్గా పరీక్షించిన మనిషి ఆమె ఒక్కతే. ఆ తర్వాత నా జోలికి వచ్చినవాళ్ళంతా ఆమెకంటే ఎక్కువ చదువుకున్నవాళ్ళు, ఒక్కరూ విని చూడలేదు.

నలభైమందిమి అట్టపెట్టెల్లో ఇక్కడికి వచ్చాం. ల్యాబ్ ప్రారంభం రోజు ఒక పెద్దమనిషి రిబ్బను కత్తిరించి, ఒకటో నంబరు అన్నయ్యను చెవులకు తగిలించుకుని, ఫొటోల కోసం చాలాసేపు తలూపాడు. "ఎక్సలెంట్ క్లారిటీ" అన్నాడు. అప్పటికి మా బల్లలకు ఇంకా కరెంటే ఇవ్వలేదు. చుట్టూ ఉన్న ప్రొఫెసర్లకు ఆ సంగతి తెలుసు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ మర్నాడు గదికి తాళం పడింది. సామాను పాడవుతుందని రెండేళ్ళు ఎవర్నీ రానివ్వలేదు. తనిఖీ బృందం వచ్చినప్పుడు తెరవడం, వెళ్ళాక మూయడం, అంతే. మనుషులకు తాళం అడ్డుగానీ ఎలుకలకు అడ్డేముంది? ఒకటి వచ్చి తీరిగ్గా నా వైరు కొరికింది. కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవికి ఒక్క పోగు మిగిలింది. వైరును మెడ దగ్గర ఒక వంపులో నొక్కిపట్టుకుంటే పలుకుతాను, వదిలితే గుర్రుమంటాను.

ల్యాబ్ అటెండర్ గట్టయ్య ఇది కనిపెట్టాడు. యాభై దాటిన మనిషి, ఇంగ్లీషు విభాగంలో ఇరవై ఏళ్ళుగా పని చేస్తున్నాడు, ఇంగ్లీషు మాత్రం ఎవరూ నేర్పలేదు. వెళ్ళి ఇన్‌ఛార్జి వేదవ్యాస్ సార్‌కు చెప్పాడు. సార్ "చూద్దాం" అన్నాడు. రెండోసారి చెప్తే "ఫైలు పెట్టాలయ్యా" అన్నాడు. మూడోసారి చెప్తే విసుక్కున్నాడు.

"ఉన్నవాటితో నడిపించు గట్టయ్యా. వినబడకపోతే వాళ్ళే అడుగుతారు కదా."

ఎవరూ అడగలేదు. నా కడుపుమంటంతా ఇక్కడే. పోయినేడు వేసవి శిక్షణకు వచ్చిన ఒక డిగ్రీ కుర్రాడు నాలుగు రోజులు నన్ను చెవులకు పెట్టుకున్నాడు. రికార్డింగు నడుస్తున్నంతసేపూ బుద్ధిగా తలూపాడు. అందరూ తిరిగి పలకాల్సిన చోట పక్కవాడి పెదాలు చూసి తనూ పెదాలు కదిపాడు. బూత్‌లో ఎవరేమంటున్నారో సార్ తన బల్ల దగ్గర స్విచ్చి నొక్కి వినవచ్చు. ఆయన నొక్కలేదు, "వెరీ గుడ్ ఎవ్రీబడీ" అన్నాడు. ఐదో రోజు ఆ కుర్రాడు రాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒరేయ్, నేను చెడిపోయానురా, నువ్వు కాదు, అని అరవాలనిపించింది. నాకున్న గొంతులన్నీ ఎవరో రికార్డు చేసిపెట్టినవే, నాదంటూ ఒకటి లేదు.

ఈ ఏడు మే నెలలో టీచర్ల బ్యాచ్ వచ్చింది. పల్లెల్లోని తెలుగు మీడియం బళ్ళు ఇంగ్లీషు మీడియంగా మారుతున్నాయట. ఆరు వారాల వేసవి కోర్సు చేసి పరీక్ష నెగ్గినవాళ్ళు తమ తరగతుల్లో ఉంటారు. నెగ్గనివాళ్ళు మండలాఫీసుకు పోయి రిజిస్టర్లు రాసుకోవాలి. ఇరవైమూడో బూత్ ఓదెమ్మ టీచర్‌కు పడింది. పెద్దపల్లి వైపు ఒక చిన్న ఊళ్ళో పదిహేడేళ్ళుగా పిల్లలకు చదువు చెప్తోంది. వయసు నలభైమూడు. ఇంగ్లీషు చదవడం, రాయడం బాగా వచ్చు. పేపరు చూసి, డిక్షనరీ చూసి సొంతంగా నేర్చుకుంది. మాట్లాడాలంటే మాత్రం మాటలు దొరికేవి కావు.

మొదటిరోజు ఒక్కొక్కరే లేచి నిలబడి తమను పరిచయం చేసుకోవాలన్నారు. ఓదెమ్మ తన గురించి రెండు మాటలు చెప్పి, ఐదో తరగతి పిల్లల పేర్లు వరసగా చెప్పడం మొదలుపెట్టింది. పంతొమ్మిదిమంది. సార్ మధ్యలోనే ఆపేశాడు. భోజనాల వేళ ఆమె ఎవరితోనో ఫోనులో అంటుంటే విన్నాను: "నేను మండలాఫీసుకు పోతే ఆ పిల్లలకు ఎవలు జెప్తరు? కొత్త సారు వచ్చేదాంక బడికి తాళమే గద."

పాఠం మొదలైంది. లండన్ స్టేషనులో ఒకాయన గొడుగు పోగొట్టుకున్న కథ. బయట నలభైనాలుగు డిగ్రీల ఎండ, రోడ్డు మీద తారు కరుగుతోంది, లోపల గొడుగు గురించి సంభాషణ. సరే, వాళ్ళ గొడుగు వాళ్ళిష్టం. ఓదెమ్మకు గుర్రుమనే చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. వైరు అటూ ఇటూ కదిపింది. మెడ దగ్గర వంపు దొరికింది, గొంతు పలికింది. ఆమె ముఖం వెలిగింది. చెప్తే నమ్మరు, ఆ మహాతల్లి హెడ్‌ఫోన్‌ను పట్టుకునే పద్ధతే అదనుకుంది. ఆరు వారాలు ఎడమచేతి రెండు వేళ్ళతో నా వైరు నొక్కిపట్టుకుని, కుడిచేత్తో రాసుకుంటూ పాఠాలన్నీ విన్నది. ఆ వేళ్ళ మీద గుంటలు పడ్డాయి. వేదవ్యాస్ సార్ రోజుకు నాలుగుసార్లు ఆమె పక్కనుంచే నడిచాడు. ఒక మనిషి ఆరు వారాలు అలా వైరు పట్టుకుని ఎందుకు కూర్చుందో ఆయనకు ఒక్కసారైనా అనుమానం రాలేదు.

గదిలో తెలుగు మాట్లాడకూడదు. తలుపు మీద ఎర్రక్షరాల్లో రాసిపెట్టారు. పొరపాటున నోరుజారితే సార్ పేరు పెట్టి పిలిచేవాడు, మిగతా టీచర్లంతా తిరిగి చూసేవారు. తమ బళ్ళలో అధికారంగా తిరిగే మనుషులు ఇక్కడ బిక్కచచ్చిపోయి కూర్చునేవారు.

చివరి రోజు వినికిడి పరీక్ష. రికార్డింగు ఒక్కసారే వేస్తారు. మొత్తం యాభై మార్కులు, ఇరవై వస్తే గట్టెక్కినట్టు. కాగితం బిగించుకునే అట్టలు తెచ్చుకోకూడదన్నారు. ప్రశ్నపత్రం పల్చటి కాగితం, సరిగ్గా ఇరవైమూడో బూత్ నెత్తిన ఫ్యాను. కాగితం లేచిపోతుంటే ఓదెమ్మ ఎడమచేత్తో దాన్ని అదిమింది. వైరు వదిలింది, నా గొంతు పోయింది. వైరు పట్టుకుంటే కాగితం లేచింది. గడ్డం కింద వైరు నొక్కుకుని చూసింది. మోచేత్తో కాగితం అదిమి చూసింది. అవతల రికార్డింగు నడిచిపోతూనే ఉంది. గడ్డం కింద నొక్కుడుకు ఆ మిగిలిన ఒక్క పోగు కూడా తెగింది. గుర్రుమనడం కూడా ఆగిపోయింది.

ఆమె చుట్టూ చూసింది. అందరూ తలలు వంచి రాస్తున్నారు. చెప్పాల్సింది ఇంగ్లీషులో నోటికి రాలేదు. నా మైకును పెదాల దగ్గరికి లాక్కుని మెల్లగా అన్నది.

"సార్, నాకు ఇనవడ్తలేదు."

ఆ ఒక్క రోజే సార్ స్విచ్చి నొక్కి వింటున్నాడు. కాపీ కొడతారని అనుమానం. ఆమె మాట స్పష్టంగా ఆయన చెవిలో పడింది. నా మైకు బాగానే పనిచేస్తుంది మరి. ఆయన తలెత్తకుండానే లౌడ్‌స్పీకర్‌లో అన్నాడు.

"బూత్ ట్వంటీత్రీ, నో తెలుగు ప్లీజ్."

మిగతా అందరూ తిరిగి చూశారు. ఓదెమ్మ తల దించుకుంది. తోచింది తోచినట్టు గీతలు గీసి కాగితం ఇచ్చేసింది. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఎలాంటిదంటే, నాకే గనుక కరెంటు మీద అధికారం ఉంటే ఆ గదిలో ఫ్యూజులన్నీ ఎగరగొట్టేదాన్ని.

మూడో రోజు ఫలితాలు అంటించారు. రాతలో యాభైకి నలభైఒకటి. వినికిడిలో ఆరు. ఓదెమ్మ పుస్తకాలు అప్పజెప్పడానికి ల్యాబుకు వచ్చింది. ఏడవలేదు. గట్టయ్య పుస్తకాలు తీసుకుంటూ నేల చూపులు చూశాడు.

"టీచరమ్మా, ఒక మాట జెప్త, తిట్టకు. గా ఇరవైమూడు నంబరు రెండేండ్ల సంది పని చేస్తలేదు. ఎలుక కొరికింది."

ఓదెమ్మ తన వేళ్ళ మీది గుంటలు చూసుకుంది. "ఆరు వారాలు నా ఎదురుంగనే ఉంటివి గదన్నా" అన్నది. "ఒక్క మాట అనకపోతివి."

గట్టయ్యను నేను కూడా క్షమించలేదు. మంచివాడే, కానీ మంచివాడై ఏం లాభం?

ఆమె నన్ను ఊడబీకి, వైరు పట్టుకుని నేరుగా సార్ బల్ల దగ్గరికి నడిచింది.

"సార్, ఇది పని చేస్తలేదు."

"చూడండి మేడమ్, వినబడకపోతే అప్పుడే చెప్పాలి. అంతా అయిపోయాక వచ్చి చెప్తే ఎలా?"

"చెప్పిన సార్. మీరు ఇన్నరు. తెలుగుల చెప్పిన."

వేదవ్యాస్ సార్ నీళ్ళ సీసా మూత తీసి, తాగకుండానే మళ్ళీ పెట్టాడు. నన్ను లాక్కుని తన బల్లకు తగిలించి, చెవులకు పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళ నా కాపురంలో ఇదే మొదటిసారి. గట్టయ్య రికార్డింగు వేశాడు. నేను ఉలకలేదు, పలకలేదు.

"వస్తోంది కదా" అన్నాడు సార్.

"ఏమంటున్నది సార్?" అని అడిగింది ఓదెమ్మ.

ఆయన నన్ను తీసి బల్ల మీద పెట్టాడు. ఆ మధ్యాహ్నమే ఒకటో బూత్‌లో ఆమెకు మళ్ళీ పరీక్ష పెట్టారు, వేరే రికార్డింగుతో. ముప్పైమూడు వచ్చాయి. అక్కడితో అయిపోయిందనుకున్నాను. మనుషుల సంగతి నాకింకా తెలియలేదన్నమాట.

రెండోసారి పరీక్ష ఎందుకు పెట్టారో డైరెక్టరుకు రిపోర్టు పంపాలి. తప్పు యంత్రానిదైతేనే రెండో పరీక్ష చెల్లుతుంది. సార్ ఇంగ్లీషులో ఒక పేజీ టైపు చేసి, కింద తను సంతకం పెట్టే జాగా వదిలి, సాక్షి అని ఉన్న చోట వేలు పెట్టి చూపించాడు.

"గట్టయ్యా, ఇక్కడ సంతకం పెట్టు."

ఇరవై ఏళ్ళుగా వేలు పెట్టిన చోటల్లా సంతకం పెట్టిన మనిషి, పెన్ను తీశాడు. పరీక్ష నెగ్గిన కాగితం కోసం నిలబడి ఉన్న ఓదెమ్మ చెయ్యి చాపింది.

"ఒక్క నిమిషం అన్నా, ఇటియ్యి."

చదివింది. ఆమెకు చదవడం వచ్చని చెప్పాను కదా. చదివి, తెలుగులో గట్టయ్యకు వినిపించింది.

"పరీక్ష నడుస్తుంటే టీచరే వైరు గుంజి తెంపిందట. అంతకుముందు మంచిగనే ఉండెనట. దీనికి నువ్వు సాక్షివట."

గట్టయ్య సార్ ముఖం చూశాడు. సార్ కిటికీ వైపు చూశాడు. గట్టయ్య కాగితం తీసుకుని, నిలబడే, బల్ల మీదికి వంగి, టైపు చేసిన లైన్ల కింద తెలుగులో రాయడం మొదలుపెట్టాడు. ఎలుక కొరికింది. రెండేండ్ల కింద. నేను మూడుసార్లు సారుకు చెప్పిన.

"ఇంగ్లీషు రిపోర్టులో తెలుగు రాయకూడదయ్యా" అన్నాడు సార్.

"నాకు వచ్చింది గదే సార్" అని సంతకం పెట్టాడు గట్టయ్య.

"తెలుగులో ఉంటే డైరెక్టర్ వెనక్కి పంపుతారు."

ఓదెమ్మ పెన్ను అడిగి తీసుకుంది. గట్టయ్య రాసిన మూడు మాటల కింద వాటినే మూడు ఇంగ్లీషు వాక్యాలుగా రాసింది. ఆరు వారాలు నేర్పిన ఆ గదిలో ఆమె తన అవసరానికి ఇంగ్లీషు రాయడం అదే మొదలు. కాగితం సార్ ముందు పెట్టింది.

సార్ అలవాటు కొద్దీ ఎర్ర పెన్ను తీశాడు. మొదటి వాక్యం చూశాడు, రెండోది చూశాడు, మూడోది రెండుసార్లు చూశాడు. దిద్దడానికి ఏమీ దొరకలేదు. చేతిలో ఉన్నది అదే కాబట్టి ఆ ఎర్ర పెన్నుతోనే కింద సంతకం పెట్టాడు.