మడిబట్ట మీద పాఠం

నా మనవరాళ్లిద్దరినీ బజారు దాటించి బడికి పంపడం కుదరదని మా బావగారు కాశీవిశ్వనాథంగారు తేల్చేశారు. తిరువూరులో రైసుమిల్లు ఆయనది, ఇల్లు ఆయనది, మాటా ఆయనదే. నా కొడుకు ఆ మిల్లులోనే పని చేస్తాడు కాబట్టి తల వంచుకున్నాడు. అయితే చదువు నేనే చెబుతానన్నాను. నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక, మా ఆయన పోయాక, మిషను బడి జ్ఞానమణి టీచరమ్మ దగ్గర. దొరికిన వాచకాలు పిల్లలు ఇట్టే ముగించారు. ఇక ఇంట్లో మిగిలింది బావగారి అబ్బాయి హైస్కూలు ఆఖర్లో చదివి పారేసిన సామాన్యశాస్త్రం ఒక్కటే.

ఎనిమిదేళ్ల సుభద్రకు, ఆరేళ్ల కన్యకకు దాన్ని ఉన్నదున్నట్టు చదివితే నిద్రొస్తుంది. నాకే వచ్చింది. అందుకని ముందు నేను వేలు పెట్టుకుని చదివేదాన్ని. చిన్నప్పుడే చదువుకున్నవాళ్లకు ఏ మాట దగ్గర నాలుక మడతపడుతుందో గుర్తుండదు. నాకు ఇంకా పడుతూనే ఉంది. పడిన చోటల్లా మాట తీసేసి వస్తువు పెట్టాను. పుస్తకం మొదట సూత్రం చెప్పి, తర్వాత ప్రయోగం చెప్పి, ఆఖర్న ప్రశ్న అడుగుతుంది. నేను కింది నుంచి పైకి వెళ్లాను. బాష్పీభవనం అనలేదు. ముసురు పట్టిన రోజు బట్ట ఎందుకు ఆరదని అడిగాను.

గాలి లేక అని కన్యక, ఎండ లేక అని సుభద్ర. మరి మడత పెట్టి ఆరేస్తేనో అని అడిగి, జవాబు వాళ్లకే వదిలేసి బియ్యం ఏరుకోవడానికి వెళ్లాను.

మా ఇంట్లో మడిబట్ట ఎత్తు దండెం మీద కర్రతో ఆరేస్తారు. స్నానం చేసి తడిబట్టతో ఉన్నవాళ్లు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. సుభద్రకు ఆ నియమం బాగా తెలుసు. అందుకే నూతి దగ్గర చెంబులతో నీళ్లు నెత్తిన గుమ్మరించుకుని, తడి గౌనుతోనే బల్ల ఎక్కి, మా తోడికోడలు సీతామహాలక్ష్మి అక్కయ్య చీరను ఒంటి పొరగా పరిచింది. నా చీరను మడతలు వేసింది. ఎంత ఆరాయో చూడ్డానికి మాటిమాటికీ తడిసి వచ్చి చెయ్యి పెట్టింది. గౌను నీళ్లన్నీ వెడల్పుగా పరిచిన చీరకే అంటుకున్నాయి.

"నాయనమ్మా, పరిచిందే ఎక్కువ తడిగా ఉంది. పుస్తకం తప్పు."

"పుస్తకం కాదే, నీ గౌను," అన్నాను నవ్వాపుకోలేక.

అక్కయ్య నవ్వలేదు. కుట్టినబట్ట మడికి పనికిరాదని, రేపు దేవుడికి నైవేద్యం ఏం కట్టుకుని వండాలని ఇల్లంతా వినపడేట్టు అడిగింది. బావగారు వచ్చారు. ఆయన తమ్ముడి భార్యతో నేరుగా మాట్లాడరు. అక్కయ్యతోనే అన్నారు.

"మీ చెల్లెలితో చెప్పవే. ఆ పుస్తకం అటకెక్కాలి, లేదా ఆవిడ పొయ్యి వేరు పెట్టుకోవాలి. ఆడపిల్లలకి భారతం చెప్పుకోక ఈ తడిబట్టల గోలేంటి?"

నా కొడుకు దూరం నుంచే వద్దన్నట్టు తలూపాడు. మా మామగారి రోజుల నుంచీ ఆ ఇంట్లో ఒకటే పొయ్యి. వేరుపడిన విధవ ఊరి నోట్లో పడుతుంది. నా కొడుకూ కోడలూ ఆ పంక్తిలోనే తింటారు, నేనొక్కదాన్నే బయట. అయినా ఆ ఇంటికి కోడలిగా వచ్చాక మొదటిసారి ఆయన మొహం చూసి చెప్పాను.

"పొయ్యి వేరే పెట్టుకుంటాను బావగారూ. పుస్తకం అటకెక్కదు. భారతమూ చెబుతాను, ఇదీ చెబుతాను."

"ఎన్నాళ్లంటా?" అన్నారాయన, అక్కయ్యనే చూస్తూ.

"అది అయ్యేదాకా. అయ్యాక ఇంకోటి తెప్పిస్తాను. బెజవాడకి బస్సుందిగా."

మర్నాడు గొడ్లచావిడి పక్కన ఇటుకలు పేర్చాను. పత్తికట్టె చెమ్మగా ఉండి అంటుకోలేదు. పొయ్యి నోరు మూస్తే వేడి లోపలే ఉండి అంటుకుంటుందని కన్యక, తెరిస్తేనే అని సుభద్ర వాదించుకున్నారు. ఆ పాఠం దాకా నేనింకా చదవలేదు. తెరిచి ఊదాం, అంటుకుంది. కన్యక మాటా చూద్దామని పొయ్యి నోటికి రేకుముక్క అడ్డం పెట్టాం. మంట అణిగి పొగ లేచింది. గాలి అటువైపే ఉండి పొగంతా పెద్దింటి వసారాలోకి పోయింది. బావగారు దగ్గుతూ బయటికి వచ్చి మావైపు చూస్తూ నిలబడ్డారు. సుభద్ర గబుక్కున రేకు తీసేసింది.

"నేను సరిగ్గా చూళ్లేదు," అంది కన్యక.

"అయితే మళ్లీ పెట్టు," అన్నాను.