రాగి పెట్టె మోత

"ఆదివారం సుత డ్యూటీ ఏందమ్మా సృజనా? ఇంటికి చుట్టాలొస్తుంటే!" అంది మా అత్తమ్మ విజయమ్మ.

అప్పటికే బోయిన్‌పల్లి మార్కెట్ వంకాయలు కోసి ఉప్పునీళ్లలో వేశాను, పప్పు దింపాను, పెరుగు తోడుపెట్టాను. మా ఆయన మధుసూదన్ పేపర్లోంచి తలెత్తకుండానే, "ల్యాబ్‌ల మెషిన్ దాని పని అది చేసుకుంటది. నువ్వు పోకుంటే ఏమైతది?" అన్నాడు. అతను మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజరు. ఆదివారం అతనికి పనుంటే ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కానివ్వం.

నేను పనిచేసేది క్వాంటమ్ కంప్యూటర్ల కోసం సూపర్‌కండక్టర్ సర్క్యూట్లు తయారుచేసే ల్యాబ్‌లో. చిప్‌ని రాగి పెట్టెలో మూసి, గడ్డకట్టే చలిని మించిన చలిలో ఉంచి, మైక్రోవేవ్ తరంగాలు పంపి కొలుస్తాం. మూడు నెలలుగా గ్రాఫ్‌లో ఉండకూడని చోట ఒక గుంట పడుతోంది. చిప్‌లో ఉండాల్సిన శక్తి అక్కడికి జారిపోతోంది. "నీ వైర్లే లూజున్నయి, జెర మంచిగ చూడు" అనేవారు మా హెడ్ పురుషోత్తం గారు. వైర్లన్నీ రెండుసార్లు మార్చాను. గుంట పోలేదు. చిప్‌ది కాదు, పెట్టెలోని ఖాళీయే ఆ తరంగాలకు వట్టి కుండలా మోగుతోందని నా అనుమానం. చెబితే నవ్వారు. అందుకే ఆ ఖాళీలో చిన్న రాగి ముక్క బిగించి మళ్లీ చల్లబరిచాను. గుంట పక్కకు జరిగితే అది పెట్టెది, జరగకపోతే చిప్‌ది. చల్లబడేసరికి ఆదివారమైంది. సోమవారం ఆ చల్లబరిచే మెషిన్ వేరేవాళ్లకి ఇచ్చేయాలి.

వెళ్లాను. చిప్ గీతలు ఎక్కడివక్కడే ఉన్నాయి. గుంట ఒక్కటే పక్కకు జరిగింది. ఎవరూ లేని గదిలో గట్టిగా నవ్వేశాను. ఆ నవ్వు ఆగాక తోచింది, ఈ సంగతి ఫోన్ చేసి చెప్పుకోవడానికి ఇంట్లో నాకు మనిషే లేడని.

వారం తర్వాత, నా కొలతలతో బెంగళూరు సదస్సుకి పంపే పరిశోధన పేపరు చూశాను. మొదట పురుషోత్తం గారి పేరు, తర్వాత నా జూనియర్ సూరిది. నేను చివరి కృతజ్ఞతల్లో ఉన్నాను.

"నాలుగు దినాలు ఇల్లిడిసి ఎట్ల పోతవమ్మా? పరేషాన్ అయితవని సూరిని పంపుతున్న" అన్నారాయన, నిజంగానే నా మేలు కోరి.

"నన్ను అడగలేదు కద సర్." కొలతల పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టాను. "ప్రతి పేజీ నేను రాసిందే. మొదటి పేరు నాది ఉండాలె. పోయేది సుత నేనే."

ఆయన చాలాసేపు పేజీలు తిప్పారు. చివరికి పెన్ను తీసి పేర్ల వరుస మార్చారు.

సాయంత్రం టికెట్ తీసుకున్నానని చెబితే మధుసూదన్ నా ముఖంలోకి చూశాడు.

"నాలుగు దినాలా? మరి ఇంట్ల?"

"ఇంట్ల మీరున్నరు కద" అన్నాను.