రాయని మూడు దినాలు

శవానికి నీళ్లు పోస్తుంటే ఏసమ్మ చూసింది. భర్త రెండు మణికట్ల చుట్టూ తోలు లేచిపోయి ఉంది. చీలమండల దగ్గరా అంతే.

వనపర్తి ఊరి చివర తాగుడు మాన్పించే ప్రైవేటు కేంద్రం వాళ్లు చెన్నయ్య శవాన్ని వ్యానులో తెచ్చి, పాన్‌గల్ దగ్గరి ఏసమ్మ వాళ్ల వాడలో దింపి రెండు గంటలు కాలేదు. "ఫిట్స్ వచ్చి పోయిండమ్మా. జల్ది మట్టి చెయ్యుండ్రి" అని చెప్పి, ఏదో కాగితం మీద ఆమె వేలిముద్ర తీసుకుని వెళ్లిపోయారు.

పదకొండు దినాల కింద అతన్ని అక్కడ వదిలింది ఏసమ్మే. పూణెలో ఇరవై ఏళ్లు సిమెంటు మోసిన మనిషి. మత్తుమందు కలిపిన కల్లు పడందే చేతుల వణుకు ఆగేది కాదు. "నన్ను ఈడ ఇడ్సిపెట్టి పోకే" అన్నాడు. "నెల దినాలే. మంచిగై వస్తవు" అంటూ తన కొంగు పట్టుకున్న అతని వేళ్లను ఆమె ఒక్కొక్కటిగా విడిపించుకుని వచ్చింది.

ఆ సాయంత్రమే సమాధి చేశారు. మర్నాడు ఆమె పోలీసు స్టేషనుకు పోయింది.

"తాగి సచ్చినోనికి కేసేందమ్మా? కేంద్రమోళ్లు రిపోర్టు పంపిండ్రు. ఫిట్స్ అనే ఉన్నది" అన్నాడు ఎస్సై.

"ఆళ్ల కాడ సచ్చిండు. ఆళ్లే రాసుకుంటే అది రిపోర్టు ఎట్లయితది సారూ?"

ఎస్సై ఫోను అందుకున్నాడు. ఆమెను కానిస్టేబులు బయటికి పంపాడు.

ఐదో రోజు ఒకామె వచ్చి గుమ్మం బయటే నిలబడింది. కేంద్రంలో వంట చేసే యమున.

"అక్కా, నన్ను తిట్టు. మూడు దినాలు మంచానికి కట్టేసిండ్రు. ఒళ్లంత వణుకు, ఏందేందో కనబడుతున్నయని మొత్తుకున్నడు. బోర్డు మీద పేరే గానీ డాక్టరు రాడు. నేను నీళ్లు పట్కపోతే గుంజుకున్నరు, మంచం తడుపుతడని. నీ పేరు పెట్టి ఒర్లిండు."

"ఏమని?"

"తీస్కపో అని."

ఏసమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. అక్కడి నుంచే అడిగింది. "గీ మాట నలుగుర్ల చెప్తవా?"

"కొలువు పోతది" అంది యమున. గుమ్మం దాటి ఏసమ్మ పక్కన కూర్చుని, "చెప్త" అంది.

ఆ ఆదివారం కూలీల సంఘం వాళ్లు చర్చి ముందు సభ పెట్టారు. కేంద్రంలో తమ మనుషులున్న ఇళ్లవాళ్లు పెబ్బేరు నుంచి, మల్దకల్ నుంచి వచ్చారు. యమున చెప్పింది విని కేంద్రం మూయించాలన్నారు కొందరు. విజయమ్మ అనే రైతు ఇంటావిడ లేచింది. "నా కొడుకు ఈరన్న ఆడనే ఉన్నడు. కేంద్రం మూయిస్తే వాణ్ని యాడికి తోల్కపోవాలె? ఇంట్లుంటే నా మీదికి గొడ్డలెత్తుతడు."

అది అబద్ధం కాదని అక్కడున్న అందరికీ తెలుసు.

కూలీల సంఘం జయపాల్ నిదానంగా చెప్పాడు. "పెద్దమ్మా, కల్లుల మందు కలిపెటోడు మన ఒళ్లు గుంజె. మాన్పిస్తమనెటోడు పాణం గుంజుతుండు. సర్కారు రెండు దిక్కులా చూస్తనే ఉన్నది. సర్కారు దవాఖానల వార్డు పెట్టమని కొట్లాడుదం. ముందుగాల ఆ కేంద్రం తలుపు తీపిద్దం."

సోమవారం ఎనభై మంది కేంద్రం గేటు ముందు కూర్చున్నారు. విచారణ అధికారి వచ్చాడు. యజమాని గదిలో టీ తాగాడు, బయటికొచ్చాడు. "రిజిస్టర్ల అంతా సక్కగనే ఉన్నది."

యమున లేచింది. "చెన్నయ్యన్న పోయే ముందటి మూడు దినాలు ఏం రాసిండ్రు సారూ?"

అతను పేజీ తిప్పాడు. మూడు రోజులకూ ఒకే మాట, ఒకే సిరా. "ఆరోగ్యం నిలకడగా ఉంది."

"తాళ్లతోని కట్టింది రాయలేదా?"

పై అంతస్తు కిటికీ ఊచల వెనక నుంచి గొంతు వచ్చింది. "నన్నూ కట్టిండ్రు అమ్మా."

విజయమ్మ ఆ గొంతు గుర్తుపట్టింది. అందరికంటే ముందు గేటు పట్టుకున్నది ఆమే. గేటు కూలాక పోలీసులు లాఠీలతో దిగి యమునను, జయపాల్‌ను వ్యానెక్కించారు. జనం మాత్రం కదల్లేదు. పొద్దుగూకేసరికి తహసీల్దారు రాక తప్పలేదు.

"శవాన్ని పైకి తీసి పరీక్ష చేయిస్తేనే కేసు నిలుస్తది. నువ్వు అడగాలె అమ్మా" అన్నాడు ఏసమ్మతో.

మట్టిలోనన్నా నిమ్మళంగా పడుకున్నాడనుకుంది ఏసమ్మ. ఇప్పుడు అక్కడి నుంచి కూడా లేపాలి. కొంగు నోట్లో కుక్కుకుంది. "తియ్యుండ్రి" అంది.

మర్నాడు పొద్దున తవ్వడానికి తెచ్చిన మనుషులు వాసనకు వెనక్కి తగ్గారు. ఏసమ్మ పార అందుకుంది. పక్కన విజయమ్మ గడ్డపార దించింది. తర్వాత మిగతా ఆడవాళ్లంతా. అడ్డంగా గుడ్డ కట్టారు. సర్కారు డాక్టరు పరీక్ష చేసి రాసుకుంటుంటే ఏసమ్మ అంది, "గట్టిగ చదువు సారూ. అందరు ఇనాలె."

అతను తహసీల్దారు వైపు చూశాడు. ఆ తర్వాత చదివాడు. "రెండు మణికట్లపై, రెండు చీలమండలపై తాడుతో కట్టిన గాయాలు. ప్రాణం ఉండగా అయినవి."

ప్రాణం ఉండగా అన్న మాట దగ్గర ఏసమ్మ నేల మీద పడి ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేదు. చుట్టూ కూర్చుని వాళ్లూ ఏడ్చారు.

మళ్లీ మట్టి కప్పేసరికి యమునను, జయపాల్‌ను కోర్టుకు తెస్తున్నారని కబురొచ్చింది. ఏసమ్మ లేచింది. కాళ్లకంటిన మట్టి కడుక్కోకుండానే ఆడవాళ్లందరూ వనపర్తి బస్సెక్కారు.