గుండెగారి కుర్చీ

బట్టలు కుట్టే ఆ పెద్ద షెడ్డులో మిషన్ల ముందు కూర్చునేవాళ్ళకి స్టూళ్ళున్నాయి. ఇస్త్రీ చేసేవాళ్ళూ, గుడ్డ కత్తిరించే మాస్టారూ పొద్దస్తమానం నిలబడాల్సిందే. వీపు ఆనించుకునే కుర్చీ ఒక్కటే ఉంది, అదీ సరిగ్గా ఫ్యాను కింద. అందులో కూర్చునేది మాస్టారి తోడల్లుడు. ఆ కుర్చీని చూస్తే చాలు, మాస్టారికి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టుండేది.

ఎందుకుండదు? ఇరవై రెండేళ్ళుగా ఆయన ఆ కటింగ్ బల్ల దగ్గర నిలబడే ఉన్నాడు. మోకాళ్ళు అరిగిపోతున్నాయి, ఒక కుర్చీ వేయించండి అని అడిగీ అడిగీ నోరు నొప్పెట్టింది. "కూర్చుని ఎవరైనా కత్తిరిస్తారా మాస్టారూ?" అని ఓనరు నవ్వేసేవాడు. తోడల్లుడు, అంటే పెళ్ళాం చెల్లెలి మొగుడు, నిన్నగాక మొన్న వచ్చినవాడు. వాణ్ణి ఇస్త్రీ పనిలో పెట్టించింది కూడా మాస్టారే. కిందటేడు వాడికి గుండెపోటొచ్చింది. స్టెంటు వేశారు. రెండు నెలలు ఇంటి పట్టున ఉండి తిరిగొచ్చేసరికి ఓనరు కుర్చీ వేయించి, కుట్టిన చొక్కాలు సరిచూసే పని అప్పగించాడు. షెడ్డంతా వాణ్ణి 'గుండెగారు' అని ముద్దుగా పిలవడం మొదలెట్టింది. గుండెగారూ మంచినీళ్ళా, గుండెగారూ కిటికీ వెయ్యమంటారా అని.

ఇంట్లోనూ అదే గోల. చెల్లెలు పెందలాడే పనికి పోతుంది కాబట్టి మాస్టారి భార్యే మరిదికి ఉప్పు తక్కువ, నూనె తక్కువ వేసి వేరే వండేది. "పాపం మరిదిగారు, ఎలా చిక్కిపోయారో" అంటూ డబ్బాకి గుడ్డ చుట్టేది. ఆ డబ్బా మోసుకెళ్ళేది ఎవరు? మాస్టారే. మొగుడి డబ్బాకి మాత్రం మూత సరిగ్గా పట్టేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం మాస్టారి రొమ్ము మధ్యలో మంట లేచింది. గొంతు దాకా ఎగదన్నింది. మనిషన్నవాడికి ముందు భయం వెయ్యాలి. ఆయనకి ముందు సంతోషమేసింది. వచ్చిందిరా నాకూ, అనుకున్నాడు.

మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని, భార్యని వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాడు. దారి పొడుగునా ఆవిడ కళ్ళొత్తుకుంటూనే ఉంది. పెళ్ళయ్యాక ఆయన కోసం ఆవిడ ఏడవడం అదే మొదలు. దారి ఇంకాస్త ఉంటే బాగుండుననిపించింది. రొమ్ముకి తీగలు తగిలించి ఈసీజీ తీశారు, రక్తం తీసుకున్నారు, మూడు గంటలు పడుకోబెట్టి మళ్ళీ తీశారు. చివరికి చిన్న వయసు డాక్టరమ్మ ఒకావిడ కాగితాలు పట్టుకుని వచ్చింది.

"మీ గుండె బాగుందండి."

"సరిగ్గా చూడండి," అన్నాడు మాస్టారు.

"చూశానండీ. మీరు అన్నం తిన్నాక ఏం చేస్తారు?"

చెప్పాడు. నలభై పొరల గుడ్డ పరిచి కరెంటు కత్తితో కోసేటప్పుడు పొరలు జారకుండా ఇనప బరువులు పెట్టాలి. మాస్టారు పెట్టడు. పొట్టని బల్ల అంచుకి అదిమి, రొమ్ము గుడ్డ మీద ఆనించి కోస్తాడు, అదీ అన్నం గబగబా మింగిన అయిదో నిమిషంలోనే. బరువుల్ని జరుపుకునే తీరిక ఎవడికుంది, నా పొట్టే నాకు బరువు, అని షెడ్డులో గొప్పగా చెప్పుకునేవాడు కూడా.

డాక్టరమ్మ నవ్వాపుకుంది. "కడుపులో యాసిడ్ పైకి తన్నుతోందండి. తిన్నాక రెండు గంటలు వంగకండి, పొట్ట అదమకండి. అన్నవాహికా గుండే పక్కపక్క వాటాల్లో కాపురాలు. గోల ఎవరింట్లోదో బయటివాళ్ళకి తెలీదు. అందుకే ఒకటి గుర్తుపెట్టుకోండి. మళ్ళీ ఎప్పుడైనా వస్తే గ్యాసేలే అని మీకు మీరే తీర్పు చెప్పుకోవద్దు. చెమట పట్టినా, చెయ్యి గానీ దవడ గానీ లాగినా పరిగెత్తుకు రండి." గులాబీ రంగు మందు సీసా రాసిచ్చింది.

బయటికి రాగానే భార్య కొంగు దులుపుకుంది. "గ్యాసా! దీనికా నేను నిన్నట్నించీ పచ్చి మంచినీళ్ళు ముట్టంది!"

షెడ్డులో కాజాలు కుట్టే పిన్ని మరీను. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. "మాస్టారూ, మీకు గ్యాసంటగా! ఒక గొట్టం వేసి ఇటివ్వండి, టీ పెట్టుకుంటాం," అంది. షెడ్డంతా ఒకటే నవ్వులు. తోడల్లుడు కూడా కుర్చీలో నవ్వాడు. అది మాత్రం మాస్టారు మర్చిపోలేదు.

నెల తిరక్కముందే ఒక మధ్యాహ్నం, అందరూ వెనక వరండాలో అన్నాలు తింటుండగా తోడల్లుడు మెల్లగా కటింగ్ బల్ల దగ్గరికొచ్చాడు.

"అన్నయ్యా, నీ గులాబీ మందు రెండు మూతలు పొయ్యవా?"

"నీకెందుకురా?"

"ఇక్కడ మంటగా ఉంది. అదిమినట్టుంది కూడా. నీకొచ్చినట్టే అనుకుంటా."

"ఓనరుకి చెప్పనా?"

"వద్దన్నయ్యా, నీకు దణ్ణం పెడతా. మళ్ళీ గుండంటే ఈసారి ఇంటికే పంపేస్తాడు. గ్యాసే అయ్యుంటుందిలే, కదూ?"

ఆ 'కదూ' మాస్టారి చెవిలో తేనె పోసింది. వీడిదీ గ్యాసే! పిన్ని రేపు వీణ్ణి ఏ గొట్టం అడుగుతుందో కళ్ళకి కట్టింది. ఉప్పులేని డబ్బా ఉండదు. 'పాపం మరిదిగారు' అనడం ఉండదు.

"గ్యాసు కాక మరేవిట్రా? నాకు తెలీదూ?" అన్నాడు, తెల్లకోటు వేసుకున్నంత ధీమాగా. రెండు మూతలు పోసి తాగించాడు. గుడ్డ చుట్టల మీద కూర్చోబెట్టాడు.

"తగ్గిందా?"

"తగ్గినట్టే ఉందన్నయ్యా," అన్నాడు వాడు. అడిగినవాడి మనసు నొప్పించకుండా జవాబు చెప్పడం వాడికి పుట్టుకతో వచ్చిన విద్య. ఇంకో మూత పోశాడు మాస్టారు. గోడ గడియారంలో ఇరవై నిమిషాలు గడిచాయి. తోడల్లుడు ఎడమ చెయ్యి పిసుక్కుంటున్నాడు. చొక్కా వీపు మొత్తం తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఆ చెమట మాస్టారికి మొదటి మూత పోసేటప్పుడే కనపడింది. కనపడలేదని తనకి తాను చెప్పుకున్నాడు, అంతే.

వాడి పెదాలు తెల్లబడ్డాయి. అప్పుడు మాస్టారి చేతిలో సీసా కిందపడింది. "ఓనరుగారూ! కారు తియ్యండి! గుండె, వీడికి గుండె!" అని షెడ్డు అదిరేలా కేకేశాడు.

రెండో స్టెంటు వేశారు. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నారు.

మర్నాడు సాయంత్రం వార్డులో మాస్టారు మంచం పక్కన నిలబడ్డాడు. మరదలు ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "నువ్వు లేకపోతే నా బతుకేమయ్యేదో బావా!" మాస్టారి భార్య మొగుడి వంక చూసింది, పెళ్ళినాడు చూసినట్టు.

"నొప్పని నోరు తెరిచానో లేదో, అన్నయ్య కేకేసి కారు తెప్పించాడు," అన్నాడు మంచం మీది మనిషి నీరసంగా. "ఒక్క క్షణం ఆగలేదు."

మాస్టారి మొహం మాడిపోయింది. వాడికంతా తెలుసు. తెలిసీ, కడుపులో పెట్టుకుని, అందరి ముందూ తనని దేవుణ్ణి చేస్తున్నాడు. కుర్చీ వాడిదే, జాలి వాడిదే, ఇప్పుడీ మంచితనమూ వాడిదే. ఇక తనకేం మిగిలింది? బతికినన్నాళ్ళూ వాడు చూసీ చూడనట్టు వదిలేసిన మనిషిగా తిరగడం.

"అబద్ధం," అన్నాడు మాస్టారు.

"ఏంటి బావా?"

"మీ ఆయన చెప్పేది అబద్ధం. గ్యాసేరా అని నేనే మందు పోశాను. ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాను. చెమట చూశాను. చూసీ కూర్చోబెట్టాను."

మరదలు చేతులు వదిలేసింది. మంచినీళ్ళ సీసా తీసుకుని, వెనక్కి చూడకుండా వార్డు బయటికి వెళ్ళిపోయింది. భార్య గోడవైపు తిరిగింది.

"ఎందుకన్నయ్యా చెప్పావు?" అన్నాడు తోడల్లుడు. "నేను చెప్పేవాణ్ణి కాదుగా."

"అందుకేరా," అన్నాడు మాస్టారు. "నీ దగ్గర క్షమ దానం పుచ్చుకుని బతకమంటావా? అదొక్కటీ నీకు దక్కనివ్వను."

తోడల్లుడు కళ్ళు మూసుకుని మొహం అటు తిప్పుకున్నాడు. వాడు తన మీద కోపం తెచ్చుకోవడం మాస్టారు చూడ్డం అదే మొదటిసారి.

"పదండి," అంది భార్య, మొహం చూడకుండా. ఆవిడ ముందు నడిచింది, ఆయన వెనక నడిచాడు. మెట్ల దగ్గర ఆవిడ ఆగుతుందేమోనని ఒక్క అడుగు నెమ్మదించాడు. ఆగలేదు.